ఊర్మిళ నిద్ర పోయిన పరిశోధనలు

1958లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో చాలా చిన్న పేపర్ ఒకటి వచ్చింది. రాసినవాళ్లు విలియం హమ్మర్స్, రిచర్డ్ ఆఫ్‌మన్. గ్రాఫైట్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఎలా తయారుచేయాలో అందులో చెప్పారు. అప్పటిదాకా దాన్ని తయారుచేయాలంటే పొటాషియం క్లోరేట్ వాడేవారు. పనికి చాలా సమయం పట్టేది, పేలుతుందేమోనన్న భయం వేరే. హమ్మర్స్, ఆఫ్‌మన్ దానికి బదులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్ వాడి రెండు గంటల లోపే పని ముగించారు. ఆ పేపర్‌ను ఎవరూ తప్పుపట్టలేదు. అలాగని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ లేరు. గ్రాఫైట్ ఆక్సైడ్‌తో అప్పట్లో ఎక్కువమందికి పనే లేదు మరి.

2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ మామూలు అంటించే టేపుతో గ్రాఫైట్ నుంచి పొరలు లాగుతూ లాగుతూ చివరికి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న రేకును పట్టుకున్నారు. అదే గ్రాఫీన్. 2010లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అయితే టేపుతో ఎంతని లాగుతారు? ఎక్కువ మొత్తంలో కావాలంటే గ్రాఫైట్‌ను ముందు ఆక్సైడ్‌గా మార్చి, నీళ్లలో పొరలు పొరలుగా విడదీసి, తర్వాత ఆక్సిజన్‌ను తీసేయడం సులువైన దారి. ఆ మొదటి మెట్టు ఎలా ఎక్కాలో హమ్మర్స్ పేపర్‌లో ఉంది. అచ్చయిన సుమారు యాభై ఏళ్లకు అది ఒక్కసారిగా లేచి కూర్చుంది. ఇప్పుడు గ్రాఫీన్ ఆక్సైడ్ మీద పనిచేసేవాళ్లకు 'హమ్మర్స్ పద్ధతి' వంటింట్లో ఉప్పులాంటి మాట.

ఇలాంటి పేపర్లకు లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ వాన్ రాన్ 2004లో ఒక పేరు పెట్టారు. యూరప్ పిల్లల కథలో వందేళ్లు నిద్రపోయే రాకుమారి పేరు అది, 'స్లీపింగ్ బ్యూటీ'. మనకు ఊర్మిళ ఉంది కాబట్టి ఆ రాకుమారిని అరువు తెచ్చుకోనక్కర్లేదు. లక్ష్మణుడు అడవి నుంచి తిరిగొచ్చేదాకా పద్నాలుగేళ్లు పడుకున్న ఊర్మిళ పోలికే ఇక్కడ ఇంకా బాగా కుదురుతుంది. ఆమె తనంతట తాను లేవలేదు. బయట ఎక్కడో జరగాల్సింది జరిగాక లేచింది. నిద్రపోయిన పేపర్లు కూడా చాలావరకు అంతే.

2015లో ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2 కోట్ల 20 లక్షల పేపర్లకు వందేళ్లకు పైగా వచ్చిన సైటేషన్లను, అంటే తర్వాతి పేపర్లు వీటిని ఎప్పుడెప్పుడు ప్రస్తావించాయన్న లెక్కను, వరసగా పరిశీలించారు. ఎక్కువ కాలం నిద్రపోయి గట్టిగా లేచిన పేపర్ల జాబితాలో హమ్మర్స్ పేపర్ ఉంది. కార్ల్ పియర్సన్ 1901లో చుక్కల గుంపుకు దగ్గరగా పోయే గీతను ఎలా కనుక్కోవాలో రాసిన పేపర్ ఉంది. ఇవాళ డేటా సైన్స్ చదివే ప్రతి ఒక్కరికీ తెలిసిన 'ప్రిన్సిపల్ కాంపొనెంట్' పద్ధతికి మూలం అదే. కంప్యూటర్ లేకుండా ఆ లెక్కలు చేతితో చేయడం ఎవరి తరం? ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ 1935లో క్వాంటమ్ సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూ రాసిన పేపర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఐన్‌స్టీన్ పేరున్నా సరే, అది దశాబ్దాల పాటు నిద్రపోయింది. పేరున్నవాళ్లు రాస్తే చాలు, లోకం వెంటనే చదివేస్తుందనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ అధ్యయనంలో తేలిన మరో రెండు సంగతులు ఇంకా ముఖ్యం. ఇలాంటి పేపర్లు ఎక్కడో ఒకటీ అరా ఉండే వింతలు కావు. కొంచెం కునుకు తీసినవాటి నుంచి వందేళ్లు పడుకున్నవాటి దాకా అన్ని రకాలూ ఉన్నాయి. మధ్యలో ఫలానా చోట గీత గీసి 'ఇవి మామూలువి, ఇవి వింతవి' అని విడదీయలేం. రెండోది, వీటిలో చాలావాటిని తట్టి లేపింది వేరే రంగం వాళ్లు. గణాంకాల పేపర్‌ను జీవశాస్త్రం వాళ్లు, రసాయన పేపర్‌ను ఇంకెవరో లేపారు.

ఈ లెక్కలు చూశాక, మనం వినీవినీ అరిగిపోయిన ఒక కథను మళ్లీ తడిమి చూడాలనిపిస్తుంది. మేధావి ఒకడు కొత్త సంగతి కనుక్కుంటాడు, మూర్ఖులైన తోటివాళ్లు నవ్వుతారు, అతను పోయాక లోకం లెంపలేసుకుంటుంది. ఈ కథ వినడానికి బాగుంటుంది, కానీ చాలా సందర్భాల్లో జరిగింది అది కాదు.

మెండెల్ సంగతే చూద్దాం. 1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రనో పట్టణంలోని ప్రకృతి శాస్త్ర సంఘంలో ఆయన తన బఠానీ ప్రయోగాల గురించి రెండు ఉపన్యాసాలు ఇచ్చాడు. మరుసటి ఏడాది అవి అచ్చయ్యాయి. గుండ్రని గింజల మొక్కలను ముడతల గింజల మొక్కలతో సంకరపరిస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రనివే. వాటి పిల్లల్లో 5474 గుండ్రనివి, 1850 ముడతలవి. భాగిస్తే 2.96 వస్తుంది, అంటే దాదాపు మూడుకు ఒకటి. ఒక్కో గింజనూ చేత్తో పట్టుకుని, ముడత ఉందా లేదా అని చూసి, పక్కన పెట్టి లెక్కపెట్టిన అంకెలివి. గింజ గింజకీ లెక్కరాసే ఓపిక ఆ రోజుల్లో మొక్కల శాస్త్రంలో మామూలు విషయం కాదు.

ఆ పత్రిక మారుమూల మూలపడిందన్న మాట నిజం కాదు. అది యూరప్‌లో వందకు పైగా సంస్థలకు వెళ్లేది. మెండెల్ 40 విడి ప్రతులు కూడా వేయించుకుని కొందరు పెద్దలకు పంపాడు. వాళ్లలో మ్యూనిక్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలి జవాబు రాశాడు కూడా. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. నేగెలికి ఇష్టమైన హాక్‌వీడ్ అనే పూల మొక్క మీద మెండెల్ కూడా ప్రయోగాలు చేశాడు. ఏళ్ల తరబడి కళ్లు పాడుచేసుకుని ఆ చిన్న చిన్న పువ్వులను సంకరపరిచాడు. మూడుకు ఒకటి రాలేదు. అసలు ఏ నిష్పత్తీ రాలేదు. ఎందుకంటే హాక్‌వీడ్ చాలావరకు పరాగ సంపర్కం లేకుండానే విత్తనం కడుతుంది, పిల్ల మొక్క తల్లికి నకలుగా వస్తుంది. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు బఠానీలో కనిపించింది బఠానీ వరకే అని ఎవరైనా అనుకుంటే వాళ్లను మూర్ఖులనగలమా? ప్రయోగం చేసిన మనిషికే రెండోసారి ఫలితం రాలేదు.

1900లో హ్యూగో డి వ్రీస్, కార్ల్ కోరెన్స్, ఎరిక్ ఫాన్ చెర్‌మాక్ ముగ్గురూ కొద్ది నెలల తేడాలో అదే నిష్పత్తి దగ్గరికి చేరారు. ఆ 34 ఏళ్లలో మారినదేమిటంటే, కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములు ఎలా పంచుకుంటాయో సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. లక్షణాలను ఒక తరం నుంచి ఇంకో తరానికి మోసుకెళ్తాయని మెండెల్ చెప్పిన 'కారకాలు' కూర్చోవడానికి ఒక చోటు దొరికింది. 1866లో ఆ చోటు లేదు. జీవశాస్త్రవేత్త గుంథర్ స్టెంట్ 1972లో ఈ పరిస్థితికి ఒక నిర్వచనం చెప్పాడు. అప్పటికి అందరూ ఒప్పుకున్న జ్ఞానం దగ్గరి నుంచి కొన్ని మామూలు మెట్లు ఎక్కి చేరుకోలేని ఆవిష్కరణ అకాల ఆవిష్కరణ అని. మెట్లు లేని మేడ అన్నమాట.

ఆల్ఫ్రెడ్ వెగెనర్ విషయంలో ఇంకాస్త పేచీ ఉంది. ఖండాలు కదులుతున్నాయని ఆయన 1912 జనవరిలో మొదటిసారి చెప్పాడు, 1915లో పుస్తకం రాశాడు. ఒక తీరంలోని శిలలు, శిలాజాలు సముద్రం అవతలి తీరంలోని వాటితో సరిపోతున్నాయని చూపించాడు. అంతవరకు బలంగా ఉంది. కానీ ఖండాలను ఏది కదుపుతోంది అంటే భూభ్రమణం వల్ల పుట్టే బలం, ఆటుపోట్ల బలం అన్నాడు. ఆ బలాలు ఏమాత్రం చాలవని భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కగట్టి చూపించాడు. ఆ లెక్క ఒప్పే. గ్రీన్‌లాండ్ ఏడాదికి పదుల మీటర్లు జరుగుతోందని వెగెనర్ కొన్ని కొలతలు చూపాడు. అవి తప్పు. ఖండాలు నిజంగా కదిలేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే, మన గోళ్లు పెరిగే వేగంతో. అంటే వెగెనర్ అసలు సంగతి ఒప్పు చెప్పి కారణం తప్పు చెప్పాడు. విమర్శకులు ఆ తప్పును సరిగ్గానే పట్టుకున్నారు, దాంతోపాటు ఒప్పును కూడా చెత్తబుట్టలో వేశారు. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ మంచులోనే చనిపోయాడు. సముద్రపు అడుగున అయస్కాంత చారలను కొలిచే పరికరాలు వచ్చాకే, 1960ల్లో ఈ వాదం నిలబడింది. సముద్రపు అడుగు విస్తరిస్తోందనడానికి ఆ చారలే గుర్తులని సరిగ్గా చెప్పిన కెనడా శాస్త్రవేత్త లారెన్స్ మోర్లీ పేపర్‌ను 1963లో రెండు జర్నల్స్ తిప్పి పంపాయి. ఇలాంటివి పార్టీ కబుర్లకు బాగుంటాయని ఒక సమీక్షకుడు రాశాడు. అదే ఏడాది ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ అదే మాట అచ్చు వేయించుకున్నారు. ఇక్కడ మాత్రం మూర్ఖుల కథ కొంత నిజమే.

కొన్నిసార్లు ఒక రుజువు తప్పుదారి పట్టిస్తుంది. మంచు యుగాలకు భూమి కక్ష్యలో వచ్చే మార్పులే కారణమని మిలుటిన్ మిలాంకోవిచ్ లెక్కలు వేస్తే, 1950ల్లో కొత్తగా వచ్చిన కార్బన్ డేటింగ్ అది పొసగదన్నట్టు చూపించింది. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ సముద్రపు అడుగు నుంచి తీసిన బురద స్తంభాల్లో సుమారు లక్ష ఏళ్లకు, 42 వేల ఏళ్లకు, 23 వేల ఏళ్లకు ఒకసారి తిరిగొచ్చే వాతావరణ మార్పులను చూపించాక గానీ ఆయన మాట నెగ్గలేదు. ఆయన 1958లోనే పోయాడు.

సామాజిక శాస్త్రాల్లో నిద్ర వేరే రకం. అక్కడ పరికరం కోసం ఎదురుచూడడం తక్కువ. ఆ పేపర్ ఏ గదిలో పడింది, రాసింది ఎవరు అన్నవి ఎక్కువ పనిచేస్తాయి. లూయీ బాషెలియే 1900లో పారిస్‌లో షేర్ మార్కెట్ ధరల మీద పీహెచ్‌డీ సమర్పించాడు. ధరల కదలికను తాగుబోతు నడకలాంటి గణితంతో వర్ణించాడు. ఐన్‌స్టీన్ దాదాపు అదే గణితాన్ని నీళ్లలో రేణువుల కదలికకు వాడింది ఐదేళ్ల తర్వాత. పరీక్షకుల్లో మహా గణితజ్ఞుడు పాయింకరే ఉన్నాడు, బాగానే మెచ్చుకున్నాడు. అయినా అత్యున్నత శ్రేణి ఇవ్వలేదు. గణితం వాళ్ల దృష్టిలో షేర్ మార్కెట్ గణితం చేసే చోటు కాదు. ఆర్థికవేత్తలేమో ఆ గణితం జోలికే పోలేదు. 1950ల్లో లియొనార్డ్ సావేజ్ అనే గణాంకవేత్తకు ఆయన రచన కంటబడి, ఈయన గురించి తెలుసా అని కొందరు ఆర్థికవేత్తలకు పోస్టుకార్డులు రాశాడు. అది అందుకున్నవాళ్లలో పాల్ సామ్యూల్సన్ ఒకరు. ఆప్షన్ల, అంటే షేర్లను ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల, ధర కట్టే సూత్రాలు ఆ తర్వాతి పరిణామం. తమాషా ఏమిటంటే గణితంలో బాషెలియే పూర్తిగా నిద్రపోలేదు, 1931లోనే కొల్మొగొరొవ్ ఆయనను ప్రస్తావించాడు. ఒక గదిలో మెలకువగా ఉన్న మనిషే పక్క గదిలో ఎవరికీ తెలియదు.

జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల మార్కెట్ మీద రాసిన పేపర్‌ను మూడు జర్నల్స్ తిప్పి పంపాయి. రెండింటికి అది మరీ చిల్లర విషయంగా తోచింది. మూడోది, ఇదే నిజమైతే ఆర్థిక శాస్త్రమే వేరుగా ఉండాలి కదా అంది. 1970లో నాలుగో చోట అచ్చయింది, 2001లో నోబెల్ వచ్చింది. ఇది నిద్ర అనిపించుకోదు, గుమ్మం దగ్గర కాసేపు నిలబెట్టారంతే. అమెరికా నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు జరిగింది అలా నవ్వి వదిలేసేది కాదు. ఆయన 1890ల్లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగి సుమారు 2500 కుటుంబాలను ప్రశ్నించి, నల్లజాతివారి జీవితం మీద 1899లో పుస్తకం వేశాడు. అంకెలు, పటాలు, ఇంటర్వ్యూలతో నగర సమాజాన్ని చదవడం అమెరికాలో అప్పటికి కొత్త. అయినా ఆ శాస్త్రానికి ఆద్యులెవరని అడిగితే చాలాకాలం పాఠ్యపుస్తకాలు షికాగో విశ్వవిద్యాలయాన్నే చూపించాయి. డుబాయిస్ పేరు ఆ వరసలోకి రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఆయన నల్లవాడు కావడం తప్ప దీనికి వేరే కారణం వెతకనక్కర్లేదు. పేరున్నవాళ్లకే మరింత పేరు చేరుతుందని రాబర్ట్ మెర్టన్ 1968లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. అందులో చాలా సమాచారం హ్యారియెట్ జుకర్‌మన్ పరిశోధన నుంచి తీసుకున్నదే. ఆమె పేరు కూడా రచయితగా ఉండాల్సిందని మెర్టనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇదంతా చదివి, తిరస్కరించిన ప్రతిదీ రేపటి నోబెల్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1903లో ఫ్రాన్స్‌లో రెనె బ్లాండ్‌లో అనే భౌతికశాస్త్రవేత్త 'ఎన్-కిరణాలు' అనే కొత్త రకం కిరణాలను కనుక్కున్నానన్నాడు. డజన్ల మంది తామూ చూశామన్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ ఆ ప్రయోగశాలకు వెళ్లాడు. గది చీకటిగా ఉంది. కిరణాలను విడదీసే అల్యూమినియం పట్టకాన్ని వుడ్ మెల్లగా తీసి జేబులో వేసుకున్నాడు. అవతల కొలతలు ఎప్పటిలాగే వస్తూనే ఉన్నాయి. 1989 మార్చిలో కోల్డ్ ఫ్యూజన్ అన్నారు, అంటే మామూలు గది వేడిలోనే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించామని, కొద్ది నెలల్లోనే దాని పని అయిపోయింది. గట్టిగా అనుమానించే అలవాటే లేకపోతే ఇలాంటివన్నీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేవి. కడుపులో పుండ్లకు బాక్టీరియా కారణమన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌ల కథ కూడా తరచూ 'ఎవరూ నమ్మలేదు' అనే చెబుతారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పెర్త్‌లో బాక్టీరియాను పెంచే ప్లేట్లను మామూలుగా రెండు రోజులకు పారేసేవాళ్లు సెలవుల వల్ల ఎక్కువ రోజులు అలాగే ఉంచారు, అందుకే ఆ బాక్టీరియా పెరిగి కనిపించింది. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను స్వయంగా తాగేశాడు. 1994కల్లా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ పుండ్లకు యాంటీబయాటిక్స్ ఇవ్వాలని చెప్పేసింది. ఒక జబ్బు చికిత్సను తలకిందులు చేయడానికి పన్నెండేళ్లు, మధ్యలో వరసగా రోగుల మీద పరీక్షలు. దీన్ని మొండితనం అనడం కన్నా జాగ్రత్త అనడమే న్యాయం.

అసలు సమస్య ఇప్పటి లెక్కల పద్ధతిలో ఉంది. జర్నల్ స్థాయిని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఎలా కడతారంటే, గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. రెండేళ్లు! హమ్మర్స్ పేపర్‌కు ఈ కొలతలో వచ్చేది దాదాపు సున్న. ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు ఈ అంకె చుట్టూ తిరిగే చోట, వెంటనే గుర్తింపు తెచ్చే ప్రశ్నలనే పరిశోధకులు ఎంచుకుంటారు. అది మనిషి స్వభావం. 2017లో జియాన్ వాంగ్, రైన్‌హిల్డ్ వ్యూగెలర్స్, పౌలా స్టీఫన్ దీన్ని అంకెలతో చూపించారు. అంతకుముందు ఎవరూ కలపని విషయాలను కలిపిన పేపర్లు తక్కువ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్స్‌లో పడుతున్నాయి, మొదటి ఏళ్లలో వెనకబడుతున్నాయి, పదిహేనేళ్ల లెక్క తీస్తే మాత్రం అగ్రస్థానంలో తేలే అవకాశం వాటికే ఎక్కువ. ఆ గుర్తింపు కూడా ఎక్కువగా పక్క రంగాల నుంచే వస్తోంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనుషులను తూకం వేయొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రకటన తయారైంది. వేలాది సంస్థలు సంతకాలు పెట్టాయి. నియామక కమిటీల్లో ఆ అంకె గురించి అడగడం మానేశారా అంటే, అంత తేలిగ్గా పోయే అలవాటు కాదది.

సూచికల గొడవ లేని రోజుల్లోనూ ఇలా జరిగింది. కలరా కథ దానికి గట్టి సాక్ష్యం. 1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో కలరా క్రిమిని పట్టుకుని, అది విషం వదులుతుందని ఊహించాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా ఆ విషం రుజువు కాలేదు. క్రిమి రసాన్ని జంతువుల రక్తంలోకో పొట్ట కుహరంలోకో ఎక్కించి ఏమవుతుందో చూడడం అప్పటి పద్ధతి. జంతువుకు జబ్బు చేసేది, కానీ అది కలరాలా ఉండేది కాదు. కలకత్తాలోనే శంభునాథ్ డే అనే వైద్య పరిశోధకుడు వేరేలా ఆలోచించాడు. కలరా రోగికి పోయేవి బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు, అంటే గొడవంతా పేగులో ఉంది, కాబట్టి పేగులోనే చూద్దాం అనుకున్నాడు. కుందేలుకు మత్తు ఇచ్చి పొట్ట కోసి, చిన్నపేగులో కొన్ని అంగుళాల ముక్కను రెండు చివర్లా దారంతో కట్టేశాడు. ఆ మూసిన తిత్తిలోకి క్రిములను ఎక్కించి, పొట్ట కుట్టేసి, మర్నాడు తెరిచి చూశాడు. కట్టిన ముక్క నీళ్లతో బుడగలా ఉబ్బి ఉంది. క్రిములు ఎక్కించని ముక్క ఎప్పటిలా ముడుచుకునే ఉంది. ఇది 1953 సంగతి. 1959లో ఇంకో అడుగు వేశాడు. క్రిములు పెరిగిన రసాన్ని వడపోసి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, ఆ తేట నీళ్లను ఎక్కించాడు. పేగు మళ్లీ ఉబ్బింది. విషం ఉందని, అది పేగు లోపలే పనిచేస్తుందని ఒక్క వడపోతతో తేలిపోయింది. ఖరీదైన పరికరమేదీ లేదు.

(వడపోతకూ నిద్రకూ ఏదో లంకె ఉన్నట్టుంది. న్యూయార్క్‌లో పేటన్ రౌస్ 1911లో కోడి కణితిని నూరి, కణాలేవీ లేకుండా వడపోసి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ కణితి వచ్చింది. వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న మాట. ఆయనకు నోబెల్ 1966లో ఇచ్చారు, 87వ ఏట.)

డే పేపర్ వచ్చింది చిన్నాచితకా పత్రికలో కాదు, నేచర్‌లో. కుందేలు పేగు పద్ధతిని వేరే దేశాల ప్రయోగశాలలు తీసుకున్నాయి. 1969లో అమెరికాలో రిచర్డ్ ఫింకెల్‌స్టీన్ బృందం ఆ విషాన్ని శుద్ధి చేసి వేరుచేసింది. కలరా పరిశోధన అక్కడి నుంచి పరుగందుకుంది. డే మాత్రం స్వదేశంలో ఏ విజ్ఞాన అకాడమీకీ ఫెలో కాలేదు. నోబెల్ పొందిన అమెరికా జీవశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు సూచించాడు, రాలేదు. 1973లో రిటైరయ్యాడు. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియానికి ఆయనను పిలిచారు. వెళ్లి తన పేపర్ చదివి, చివర్లో సభకు ఒక మాట చెప్పాడు. 1960ల మొదట్లోనే తాను చనిపోయానని, ఈ సింపోజియం కమిటీ వాళ్లు తనను గోతిలోంచి తవ్వి తీశారని, మీతో గడిపిన ఈ రెండు రోజుల్లో మళ్లీ ప్రాణం వస్తున్నట్టుందని.